రూఫ్‌టాప్ క్లబ్‌లో భోజనానికి పిలుపు వచ్చినవాళ్లకు

మా క్లబ్ ఏడో అంతస్తు మీద ఉంది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా నిలబడి ఉండేది నేనే. ఫ్లోర్ కెప్టెన్‌ని, అంటే వడ్డించే కుర్రవాళ్లకు పెద్దని. మాది తాడిపత్రి పక్కన పల్లె. బెంగళూరులో పదకొండేళ్లు క్లబ్బుల్లో పనిచేసి, నాలుగేళ్ల కిందట అనంతపురం వచ్చేశాను. లిఫ్టులోంచి దిగిన మనిషి మెంబరా, గెస్టా అన్నది నాకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. మెంబరు గాలి ఎటు నుంచి వస్తోందో చూస్తాడు. గెస్టు తన బూట్లు చూసుకుంటాడు.

ఆ చూపు చూసినప్పుడల్లా నాకు మనసులో కష్టంగా ఉంటుంది. పదిమందికి జీతాలిచ్చేవాళ్లు, ఊళ్లో పంచాయితీలు తీర్చే పెద్దమనుషులు కూడా ఆ నిమిషంలో బిగుసుకుపోతారు. వాళ్లకు తెలియనివి నిజానికి చాలా కొన్నే. ముందురోజు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే హాయిగా తిని, మాట్లాడి వెళ్లేవాళ్లు. ఆ చెప్పేపని నేను చేస్తున్నాను.

ముందు ఒక్కటి మనసులో పెట్టుకోండి. క్లబ్ హోటల్ కాదు. హోటల్‌లో మీరు డబ్బు కట్టే కస్టమరు. క్లబ్‌లో మీరు ఒకరింటికి వచ్చిన చుట్టం. కింద రిజిస్టరులో మీ పేరు పక్కన మిమ్మల్ని పిలిచిన మెంబరు పేరు, నంబరు రాసుకుంటారు. ఆ రాత్రి మీరు తిన్నది ఆయన ఖాతాలో పడుతుంది, మీ ప్రవర్తన కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది. గెస్టు ఎవరిమీదనైనా గొంతు పెంచితే కమిటీ ఉత్తరం రాసేది గెస్టుకు కాదు, మెంబరుకు. ఏం చేయాలో తోచనప్పుడు, “దీనివల్ల నన్ను పిలిచినాయనకు ఇబ్బందా?” అని ఒక్కసారి అనుకోండి. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

పిలుపు వచ్చినరోజే అడగాల్సినవి

ఫోన్ పెట్టేసేముందు నాలుగు మాటలు అడగండి: ఎన్ని గంటలకు, ఇంకా ఎవరెవరు వస్తున్నారు, పిల్లల్ని తీసుకురావచ్చా, బట్టలకు నియమం ఏమిటి. ఇవి అడిగితే చిన్నతనం అనుకునేవాళ్లున్నారు. అడిగిన గెస్టంటే మెంబరుకు ఎంత నిశ్చింతో నాకు తెలుసు. మీరు శాకాహారులైతే, శనివారం నీచు ముట్టనివాళ్లయితే, షుగర్ ఉంటే అప్పుడే చెప్పేయండి. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే, అప్పటికే ఆర్డరిచ్చిన ఆయన ముఖం చిన్నబోతుంది.

బట్టల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మగవాళ్లకు దాదాపు అన్నిచోట్లా ఒకే నియమం: కాలరున్న చొక్కా, ఫుల్ ప్యాంటు, మూసిన బూట్లు. గుండ్రటి మెడ టీషర్టు, షార్ట్సు, రబ్బరు చెప్పులు కుదరవు. ఆడవాళ్లకు చీరైనా, చుడీదారైనా, గౌనైనా అడ్డులేదు. మన సీమలో అసలు చిక్కు పంచెతో వస్తుంది. 2014 జూలైలో చెన్నైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంథామన్ ఒక క్లబ్‌లో జరిగే పుస్తకావిష్కరణకు పంచెకట్టుతో వెళితే, లోపలికి రానివ్వలేదు. పెద్ద గొడవైంది. పంచె కట్టుకున్నవాళ్లను క్లబ్బులు ఆపకూడదని తమిళనాడు ఆ ఏడే చట్టం చేసింది. అది తమిళనాడు చట్టం. మనదగ్గర ఏ క్లబ్ నియమం ఆ క్లబ్‌దే. అందుకే ముందు అడగమనేది.

మా క్లబ్‌లో పంచెకు అడ్డులేదు, చెప్పులకు ఉంది. పోయిన ఏడు ఒక మెంబరు, శెనక్కాయల వ్యాపారం చేసే ఆయన, శింగనమల వైపు నుంచి వాళ్ల నాయనను తీసుకొచ్చాడు. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు, కాళ్లకు తోలు చెప్పులు. కింద సెక్యూరిటీ పిల్లోడు చెప్పుల్ని చూసి ఆపాడు. కొడుకు ముఖం ఎర్రబడింది. నాకు ఫోన్ వచ్చి నేను దిగేసరికి, పెద్దాయన చెప్పులు విడిచి గోడవారగా జతగా పెట్టి, ఉత్త కాళ్లతో లిఫ్టు ముందర నిలబడి ఉన్నాడు. “గుళ్లోకి పోయినట్టే గదప్పా, విడిచిపెట్టి పోతే సరిపాయె,” అన్నాడు. మడమల మీద పగుళ్లు, ఆ పగుళ్లలో ఎర్రమన్ను. ఎన్ని కడిగినా పోని మన్ను అది. మా నాయన కాళ్లూ అట్లే ఉంటాయి.

సెక్రటరీ గారికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. “చెప్పులు వేసుకునే రమ్మను,” అన్నారు. నేనే ఆ చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి సందర్భాల్లో సడలింపు ఇచ్చే అధికారం సెక్రటరీకి దాదాపు ప్రతి క్లబ్‌లోనూ ఉంటుంది. మీరు మెంబరైతే, ఇంట్లో పెద్దవాళ్లను తీసుకొచ్చే రోజు పొద్దున్నే ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయండి. కాళ్ల వాపులున్నా, కట్టు ఉన్నా, వీల్‌చైర్ కావాలన్నా చెప్పండి. కింద గేటు దగ్గర జరగాల్సిన సంభాషణ కాదది.

ఎండ, గాలి, కుర్చీ

రూఫ్‌టాప్ అన్నాక కింది అంతస్తుల్లో లేని సంగతులు రెండున్నాయి. ఒకటి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు కుంకినా శ్లాబు పగలంతా తాగిన వేడిని ఎనిమిది దాకా కక్కుతూనే ఉంటుంది. ఆ నెలల్లో ఎనిమిది తర్వాత వస్తేనే సుఖం. పొద్దు కుంకేది చూడాలని ఉంటే డిసెంబరులో ఆరుకు ముందే పైకి రావాలి. జూన్‌లో ఆరూ ముక్కాలు దాకా టైముంటుంది. బుక్కరాయసముద్రం చెరువులో నీళ్లున్న ఏడాదైతే, ఆ వైపు చెరువు మీద పడే వెలుగు చూడటానికే మెంబర్లు తొందరగా వస్తారు.

రెండోది గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో జూన్ నుంచి ఆగస్టు దాకా మా డాబా మీద కూర్చుంటే తెలుస్తుంది. ఆషాఢం గాలి పడమటి నుంచి వస్తుంది. పడమటికి వీపు పెట్టి కూర్చుంటే జుట్టు, పైట ముందుకొచ్చి పళ్లెంలో పడతాయి. ముఖం పెడితే కళ్లలో దుమ్ము. గాలికి అడ్డంగా, ఉత్తరానికో దక్షిణానికో మొహం పెట్టి కూర్చోవడం మేలు. చీర కట్టుకునే ఆడవాళ్లు పైటకు భుజం దగ్గర ఒక పిన్ను, నడుము దగ్గర ఒక పిన్ను పెట్టుకురండి. న్యాప్‌కిన్ ఒడిలో పరుచుకుని, ఒక కొసను తొడ కింద నొక్కిపెట్టండి. కాడ ఉన్న గాజుగ్లాసులో నీళ్లు సగానికి తగ్గితే మళ్లీ పోయించుకోండి. ఖాళీ గ్లాసు గాలికి పడుతుంది, నిండిన గ్లాసు పడదు. ఒకవేళ పడి పగిలితే మీరు వంగి ఏరవద్దు. చెయ్యి ఎత్తండి చాలు. ఏరబోయి వేలు కోసుకున్నవాళ్లకు కట్టు కట్టిన రాత్రులు నాకు చాలానే ఉన్నాయి.

కుర్చీ మీరు ఎంచుకోవద్దు. పిలిచినాయన చూపించేదాకా నిలబడండి. సాధారణంగా ముఖ్య అతిథికి ఆయన కుడిపక్క చోటిస్తారు. పిల్లల్ని పిట్టగోడకు ఆనుకున్న కుర్చీల్లో కూర్చోబెట్టవద్దు. అద్దం గోడ ఎంత ఎత్తున్నా సరే, ఈ మాటలో నాకు మొహమాటం లేదు, నేనే వచ్చి మారుస్తాను.

ఆర్డరివ్వడం, తినడం

కొన్ని క్లబ్బుల్లో గెస్టుకిచ్చే మెనూలో ధరలు ఉండవు. కంగారు పడకండి, అది మర్యాద కోసమే. అలాంటప్పుడు “ఇక్కడ మీకేది ఇష్టం?” అని పిలిచినాయనను అడగండి. ఆయన చెప్పే వంటకాలతోనే ఆయన అనుకున్న ఖర్చు మీకు అర్థమవుతుంది. దయచేసి “ఏదైనా సరే” అనవద్దు. ఆ మాట అన్నాక మా కుర్రవాడు పుస్తకం పట్టుకుని నిలబడిపోతాడు, పిలిచినాయన మీ మనసులో ఏముందోనని వెతుక్కుంటాడు. ఒక్క పేరు చెప్పండి, చాలు.

నలుగురికి ముందు రెండు స్టార్టర్లు చెప్పండి. అవి అయ్యాక మళ్లీ చెప్పవచ్చు. అన్నీ ఒకేసారి తెప్పిస్తే, కింద హాల్లో పావుగంట వేడిగా ఉండేది డాబా గాలికి ఐదు నిమిషాల్లో చల్లారిపోతుంది. సూప్ రాగానే తాగేయాలి. మన రాగిసంగటి, నాటుకోడి పులుసు మా మెనూలో ఉన్నాయి. ముద్ద చల్లారితే గట్టిపడి గొంతు దిగదు, అందుకని మాటలు ముగించుకున్నాకే సంగటి చెప్పండి.

సంగటిని స్పూనుతో తినే ప్రయత్నం చేయవద్దు. చేత్తో తినండి. ఖరీదైన చోటు కదా అని వేళ్లు దాచుకోనవసరం లేదు. బెంగళూరులో నేను చూసిన పాతకాలం మెంబర్లు రాగిముద్దను చేత్తోనే విరిచి, పులుసులో ముంచి, నమలకుండా మింగేవాళ్లు. చేత్తో తినేటప్పుడు ఒక్కటే జాగ్రత్త, ఎంగిలి. అది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. వడ్డించే గరిటెను ఎడమచేత్తో పట్టుకోండి, కుడిచెయ్యి మీ పళ్లెం దాటనీయకండి. నీళ్లగ్లాసు కూడా ఎడమచేత్తోనే. గ్లాసు అంచుకు పులుసు మరకలు పడవు.

ఫోర్కులు, కత్తులు వరుసగా పేర్చి ఉంటే బయటివైపు నుంచి లోపలికి వాడుకుంటూ రండి. మీ కుడివైపున్న నీళ్లగ్లాసు మీది, ఎడమవైపున్న బ్రెడ్డు పళ్లెం మీది. తింటూ తింటూ ఆగినప్పుడు ఫోర్కు, కత్తి పళ్లెంలో ఒకదానికొకటి ఎడంగా, వాలుగా పెట్టండి. తినడం అయిపోతే రెండూ పక్కపక్కన చేర్చి పెట్టండి. మేం చూసేది అదే. చేర్చి పెడితే పళ్లెం తీసేస్తాం, ఎడంగా ఉంటే ముట్టం. చాలామంది తెలియక చేర్చి పెట్టేసి, సగం చేప ముక్క పోగొట్టుకుంటారు. మధ్యలో లేచి వెళ్తే న్యాప్‌కిన్ కుర్చీలో వదలండి. భోజనం ముగిశాకే బల్లమీద.

మందు తాగని వాళ్లు సంజాయిషీలు చెప్పుకోవద్దు. “నాకు నిమ్మసోడా” అనండి, అంతే. “డాక్టరు వద్దన్నాడు” అంటే పక్కాయన “ఒక్కటి తాగితే ఏం కాదులే” అని మొదలుపెడతాడు. కారణం చెప్పకపోతే వాదన ఉండదు. తాగేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మేం పోయలేము, మెంబరు కొడుకైనా సరే. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపకూడదు, అది చాలా చిన్న కొలత. డ్రైవరు కావాలంటే భోజనం మధ్యలోనే నాతో చెప్పండి. మా గేటు నుంచి బెంగళూరు హైవే ఎంతో దూరం లేదు, రాత్రిపూట దానిమీద లారీలు ఎట్లా పోతాయో మీకు తెలుసు.

మాటలు

కొత్తవాళ్లతో ఏం మాట్లాడాలి అని దిగులుపడేవాళ్లకు మన జిల్లాలో ఒక అదృష్టం ఉంది. “మీవైపు వాన పడిందా?” అని అడగండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అటూఇటూగా పడే నేలమీద ఈ ప్రశ్నకు జవాబు లేని మనిషి ఉండడు. డాక్టరుకూ ఎక్కడో నాలుగెకరాలుంటాయి, ఇంజనీరుకూ ఎండిన బోరు ఒకటుంటుంది. అక్కడి నుంచి మాట ఊరికి, ఊరి నుంచి చదువుకున్న బడికి, బడి నుంచి ఉమ్మడి స్నేహితుడికి పోతుంది. పది నిమిషాల్లో వరసలు కలిపి “మామా” అనుకున్నవాళ్లను నేను చూశాను.

ఊరు అడగండి, మండలం అడగండి. ఇంటిపేరు అడిగి, దానిమీద ఇంకో ప్రశ్న వేసి కులం లాగే అలవాటు మాత్రం కింద వదిలేసి రండి. అడిగేవాళ్లకు అది మామూలు మాట కావచ్చు, జవాబు చెప్పేవాళ్లకు కాదు. ఆ ప్రశ్న పడ్డాక బల్ల దగ్గర ఒక కుర్చీ మౌనంగా అయిపోవడం నేను పక్కనే నిలబడి చూస్తుంటాను.

పక్కబల్ల దగ్గర కలెక్టరాఫీసు పెద్దాయనో, ఎమ్మెల్యేనో కనిపించవచ్చు. మీ ఫైలు ఆయన దగ్గరే ఆగి ఉండవచ్చు. అయినా సరే వెళ్లకండి. ఎదురుపడితే నమస్కారం పెట్టండి, పని మాట ఎత్తవద్దు. మీ పనికంటే ముందు, మిమ్మల్ని పిలిచినాయన పరువు పోతుంది. ఫోటోలు కూడా అంతే. మీ బల్ల, మీవాళ్లు, ఆకాశం తీసుకోండి. వెనకాల వేరే కుటుంబం పడేట్టు తీయవద్దు, రీల్సు వద్దే వద్దు. ఎవరు ఎవరితో కూర్చున్నారన్నది బయటికి పొక్కదనే ధైర్యంతోనే మెంబర్లు ఇక్కడికి వస్తారు.

మా కుర్రవాళ్ల గురించి ఒక మాట. చిటిక వేయకండి, చప్పట్లు కొట్టకండి. కళ్లు కలిపితే వస్తారు. చొక్కామీద పేరుంటుంది, పేరు పెట్టి పిలవండి. “ఏమప్పా, కొంచెం నీళ్లిస్తావా” అన్నా మాకు ఇంపుగానే ఉంటుంది, మన మాటే కదా. పిల్లల్లో చాలామంది పగలు డిగ్రీ చదువుకుంటూ రాత్రి వచ్చేవాళ్లు.

బిల్లు

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, అదీ మంచిమనసుతో. భోజనమయ్యాక గెస్టు పర్సు తీసి, మా కుర్రవాడి చేతిలో నోట్లు పెట్టబోతాడు. మెంబరు “అబ్బెబ్బే” అంటాడు. గెస్టు “ఊరుకోండన్నా, ఈసారి నాది” అంటాడు. ఇద్దరూ కుర్రవాడి చెయ్యి చెరోవైపు లాగుతారు. చాలా క్లబ్బుల్లో గెస్టు డబ్బు తీసుకోవడానికి అసలు వీలే లేదు. మెంబరు చిట్టీ మీద సంతకం పెడతాడు, నెలాఖరుకు ఖాతా వెళ్తుంది, ఆయన కడతాడు. కట్టకపోతే పేరు బోర్డు మీద పెడతారు. ఇది ఇవాళ్టి పద్ధతి కాదు. 1868లో మొదలైన బెంగళూరు క్లబ్‌లో 1899 జూన్ 1 నాటి మినిట్స్ పుస్తకం ఉంది. బాకీ ఎగ్గొట్టిన వాళ్ల పట్టికలో లెఫ్టినెంట్ చర్చిల్ పేరు, 13 రూపాయలు. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన చర్చిలే ఆయన.

కాబట్టి పర్సు తీయవద్దు. చిట్టీ వచ్చినప్పుడు చూపు పక్కకు తిప్పుకోండి, ఎంతయిందని తొంగిచూడవద్దు. టిప్పు కూడా చాలాచోట్ల నిషేధం, పండక్కి స్టాఫ్ ఫండ్ అని మెంబర్లే వేస్తారు. మీకు మా పని నచ్చితే, వెళ్తూ మెంబరు వినేట్టు ఆ పిల్లోడి పేరు చెప్పి బాగా చూసుకున్నాడనండి. ఆ మాట సెక్రటరీ దాకా పోతుంది, జీతం పెంచే రోజు పనికొస్తుంది.

మీకే మెంబరవ్వాలని ఆశ ఉంటే మొదటిరోజు ఎత్తవద్దు. ప్రతిపాదించే మెంబరు ఒకరు, బలపరిచేవారు ఒకరు కావాలి, తర్వాత కమిటీ పిలిచి మాట్లాడుతుంది. పాత క్లబ్బుల్లో సరే అంటే తెల్లగోళీ, వద్దంటే నల్లగోళీ పెట్టెలో వేసి ఓటు వేసేవాళ్లు. మిమ్మల్ని ప్రతిపాదించే మనిషి తన పేరును పణంగా పెడుతున్నట్టే, అందుకని కొన్నాళ్లు పరిచయం పండనివ్వండి. మీరు ఇప్పటికే ఇంకో ఊరి క్లబ్‌లో మెంబరైతే రెండు క్లబ్బులకూ ఒప్పందం ఉందేమో కనుక్కోండి. ఉంటే అక్కడి నుంచి పరిచయ లేఖ తెచ్చుకుని నేరుగా రావచ్చు.

లేచేటప్పుడు

పిలిచినాయన న్యాప్‌కిన్ బల్లమీద పెట్టాక మీరు పెట్టండి. మరీ తొందరుంటే ముందే, వచ్చినప్పుడే చెప్పి ఉంచండి. లిఫ్టు దగ్గర పెద్దవాళ్లను ముందు ఎక్కనివ్వండి. మరుసటిరోజు ఫోన్ చేయండి. దండం పెట్టే బొమ్మ పంపించి ఊరుకోవద్దు, గొంతు వినిపించాలి. తిన్నవాటిలో ఒకదాని పేరు చెప్పి బాగుందనండి.

ఆ పిలుపు తీర్చుకోవాలంటే మీకు క్లబ్ ఉండక్కర్లేదు. పెద్ద హోటల్‌కు తీసుకెళ్లి అప్పు చేయక్కర్లేదు. ఇంటికి పిలవండి. ఆ చెప్పుల పెద్దాయన, క్లబ్‌లో ఆ రాత్రి తమ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు మెంబర్లను ఉగాదికి శింగనమల పక్కన తన ఇంటికి భోజనానికి రమ్మన్నాడట. వాళ్లు వెళ్లారు. వారం తర్వాత అందులో ఒకాయన లిఫ్టు దిగుతూనే నా భుజం మీద చెయ్యేసి, “ఏమప్పా, మీ చెఫ్‌కు చెప్పు, ఓళిగల్లోకి నెయ్యి అట్లా పోయాల,” అన్నాడు.